చేప మానేసిన ఇంట్లో చేప: విరేచనాలు కట్టని ఒక పిల్లి కేసు

పిల్లికి వారాల తరబడి విరేచనాలు తగ్గకపోతే ముందు తిండి మార్చి చూస్తాం. మార్చినా తగ్గకపోతే "ఇది తిండి వల్ల కాదు" అనుకుని స్టెరాయిడ్ మొదలుపెట్టడం మామూలే. ఈ కేసులో కూడా అక్కడిదాకా వచ్చి ఆగాం. ఎందుకు ఆగామన్నదే రాయదగ్గ సంగతి. ఇల్లు, మనుషులు గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

నేపథ్యం

భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల ఊరు. ఉమ్మడి కుటుంబం. ఇంటి వెనక సొంత చెరువు, గట్టు మీద రేకుల మకాం. పిల్లి మూడేళ్ళ నాటు మగది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. పగలు ఇంట్లో, రాత్రి బయట. ఎలుకలు పడుతుందని ఇంట్లో దానికి మంచి పేరే ఉంది.

తిండి విషయం అడిగితే మొదట వచ్చిన జవాబు "మేం తినేదేనండి". ఈ జవాబుతో కేసు షీటు నింపకూడదు. పూట పూటా విడివిడిగా అడిగితే తేలింది ఇది: పొద్దున గేదె పాలు పోసిన అన్నం, మధ్యాహ్నం చేపల పులుసు కలిపిన అన్నం, రాత్రి దుకాణంలో కొన్న పొడి మేత ఓ గుప్పెడు (ఓషన్ ఫిష్ రకం). ఆదివారం కోడి చర్మం, మెడ. మధ్యమధ్య ఎండు నెత్తళ్ళు. చెరువు పట్టుబడి (చేపలన్నీ పట్టి తీసే) రోజున పచ్చి చేప తలలు, పేగులు.

చివరిదాని గురించి ఒక మాట, ఈ కేసుకి నేరుగా సంబంధం లేకపోయినా. కార్ప్ జాతి చేపల్లో చాలావాటిలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ని విరగ్గొడుతుంది. పచ్చి పేగులు, తలలే ప్రధాన తిండిగా బతికే పిల్లి ముందు తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, తర్వాత తల కిందికి వాల్చేసి తూలుతుంది. ఉడికిస్తే ఆ ఎంజైమ్ నశిస్తుంది. డెల్టాలో పనిచేసేవాళ్ళు కడుపు జబ్బుతో వచ్చిన ప్రతి పిల్లికీ మెడ ఎత్తి నిలపగలుగుతోందా అని చూడటం మంచిది. ఈ పిల్లి మెడ బాగానే ఉంది.

వచ్చినప్పటి పరిస్థితి

ఐదు నెలలుగా విరేచనాలు. రోజుకు నాలుగైదుసార్లు, ముద్దగా, ఎక్కువ మొత్తంలో, కొన్నిసార్లు జిగటతో. వారానికి ఒకటి రెండు వాంతులు. ఆకలి బాగానే ఉంది, నిజానికి ఎక్కువే. ఒకప్పుడు 4.1 కిలోలున్నది 2.9కి దిగింది. వెన్ను ఎముకలు చేతికి తెలుస్తున్నాయి, తొడ కండ కరిగింది.

అప్పటికే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ సిరప్ కొన్ని విడతలు అయ్యాయి. ప్రతిసారీ మూడు నాలుగు రోజులు తగ్గడం, ఆపగానే మళ్ళీ మొదలవడం. మెట్రోనిడజోల్‌తో తగ్గింది కాబట్టి ఇన్ఫెక్షనే అనుకోవడానికి లేదు. అది పేగుల్లోని బాక్టీరియా తీరునే మార్చేస్తుంది, వాపునీ కొంత తగ్గిస్తుంది. కాబట్టి జబ్బు ఏదైనా నాలుగు రోజులు మెరుగు కనబడుతుంది. పైగా ఈ మందు చేదు. పిల్లి నోట్లో నురగ కట్టి సగం బయటికి పోతుంది, మిగతా సగం ఎంత లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

పరీక్షలో జ్వరం లేదు. నీటి నష్టం సుమారు 5 శాతం. పొట్ట తడిమితే పేగులు కాస్త మందంగా తగిలాయి, గడ్డలేవీ లేవు. నాలుక కింద చూశాం: చెరువుల ఊళ్ళలో గాలం దారం నాలుక మొదట్లో చుట్టుకుని మిగతాది పేగుల్లోకి జారిపోయిన పిల్లులు వస్తుంటాయి. నోరు తెరిపించి, బొటనవేలితో కింది దవడ మధ్య బయటి నుంచి నొక్కి నాలుకను పైకి నెడితేనే అది కనబడుతుంది.

బరువు తగ్గడం, పెంట మొత్తం ఎక్కువగా ఉండటం చిన్నపేగు లక్షణాలు. జిగట, ఎక్కువసార్లు వెళ్ళడం పెద్దపేగువి. రెండూ ఉన్నాయి కాబట్టి పేగంతా వాచిందని లెక్క. ఆకలి తగ్గకుండా బరువు తగ్గుతోందంటే తిన్నది ఒంటికి పట్టడం లేదు. వయసు మూడేళ్ళే, కాబట్టి థైరాయిడ్ జబ్బు చాలా దూరపు ఊహ.

పరీక్షలు, వాటి వెనక లెక్క

పెంట మూడుసార్లు, రోజు విడిచి రోజు చూశాం. ఒక్క నమూనాలో జియార్డియా (పేగుల్లో బతికే ఒక సూక్ష్మ పరాన్నజీవి) తప్పిపోవడం మామూలే. నమూనా నేల మీద నుంచి తీయవద్దని గట్టిగా చెప్పాం: డెల్టా తడినేలలో స్వేచ్ఛగా బతికే నులిపురుగులు దానికి అంటుకుంటే మైక్రోస్కోపు కింద లేని జబ్బు కనబడుతుంది. పళ్ళెంలో పొడి ఇసుక, పైన పాలిథిన్ ముక్క పరిస్తే చాలు. కదిలే క్రిములు చూడాలంటే అరగంటలోపు, వెచ్చగా ఉండగా రావాలి. ఫ్రిజ్‌లో పెడితే ట్రైకోమోనాడ్‌లనే ఆ కదిలే క్రిములు చచ్చిపోతాయి, గుడ్లు మాత్రం చెడవు.

దొరికినవి కొద్దిగా టాక్సోకారా (ఒక రకం నులిపురుగు) గుడ్లు. మిగతావి లేవు. రక్తంలో ఎర్రకణాలు కాస్త తక్కువ (పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, 26 శాతం), ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు కాస్త ఎక్కువ, ఆల్బుమిన్ అనే రక్త ప్రోటీన్ 2.5. రక్తపు పూతలో హైంజ్ బాడీలు (ఎర్రకణాల్లో దెబ్బతిన్న హిమోగ్లోబిన్ ఉండలు) మామూలుకన్నా ఎక్కువ కనిపించాయి. వీటికి కారణం పులుసులోని ఉల్లి, వెల్లుల్లి అయి ఉండాలి. పిల్లి ఎర్రకణాలు వీటికి తట్టుకోలేవు. ఉడికించినా ఆ గుణం పోదు. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌లు ఎఫ్ఐవీ, ఎఫ్ఈఎల్‌వీ లేవు. స్కాన్‌లో చిన్నపేగు గోడ 2.9 మిల్లీమీటర్లు, కాస్త మందం. పొరలు మాత్రం స్పష్టంగానే ఉన్నాయి, లింఫు గ్రంథులు పెరగలేదు. రక్తంలో బి12 లీటరుకు 170 నానోగ్రాములు, ల్యాబ్ కనీస హద్దు 290.

ఈ బి12 పరీక్షకి నమూనా బయటి ఊరు పంపాలి, డబ్బు ఖర్చు, అందుకే చాలామంది వదిలేస్తారు. బరువు తగ్గిన పిల్లిలో దీన్ని వదలకూడదు. బి12 పట్టేది చిన్నపేగు చివరి భాగంలో. అది తగ్గిందంటే జబ్బు అక్కడిదాకా ఉన్నట్టు. పేగు గోడ కణాలు మళ్ళీ పుట్టాలన్నా బి12 కావాలి. దాన్ని నింపకుండా తిండి మార్చి "పనిచేయలేదు" అనడం సరికాదు. సయనోకోబాలమిన్ (ఇంజెక్షన్ రూపంలో బి12) 250 మైక్రోగ్రాములు చర్మం కింద, వారానికోసారి ఆరు వారాలు అని రాశాం. సీసాల మీద బలం వేర్వేరుగా ఉంటుంది. మిల్లీలీటరుకి ఎంతో చదివి లెక్కకట్టాలి, "అర సీసీ" అని అలవాటుగా వేయకూడదు.

మొదటి విడత

నీటి నష్టం 2.9 కిలోలకి 5 శాతం, అంటే 145 మిల్లీలీటర్లు. రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి ద్రవం) చర్మం కింద రెండు చోట్ల ఎక్కించాం. నులిపురుగులకి ఫెన్‌బెండజోల్ కిలోకి 50 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. మూడు రోజులు చాలు కదా అనిపించవచ్చు, కానీ కనబడని జియార్డియా ఏమైనా ఉంటే ఐదు రోజులకి అదీ చాలావరకు పోతుంది. ఎలుకలు, కప్పలు, పచ్చి చేపలు తినే పిల్లి కాబట్టి బద్దెపురుగులకి ప్రాజిక్వాంటెల్ ఒక మోతాదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టాక్సోకారా మనుషులకీ వస్తుంది. పళ్ళెంలో పెంట ఏ రోజుదారోజు తీసేయమన్నాం: ఆ గుడ్లు అంటించే దశకి రావడానికి వారాలు పడుతుంది, తాజా పెంటతో ఆ ప్రమాదం లేదు.

పాలు, పులుసు ఆపించాం. ఉడికించిన కోడిమాంసం, కొద్దిగా అన్నం పెట్టమన్నాం. ఉప్పు, పసుపు, నూనె ఏవీ లేకుండా.

వారంలో విరేచనాలు నాలుగైదు నుంచి మూడుకి వచ్చాయి, జిగట పోయింది. తర్వాత అక్కడే ఆగిపోయింది. బరువు 2.9 దగ్గరే కదల్లేదు. వాంతులు మామూలే.

ఇక్కడ రెండు రకాల తిండిని కలిపి చూడకూడదు. కోడిమాంసం, అన్నం "తేలిగ్గా అరిగే" తిండి. ఎక్కడో చెత్త తిని రెండు రోజులు కడుపు పాడైన పిల్లికి అది సరిపోతుంది. ఇక్కడ అనుమానం వేరు: ఏదో ఒక ప్రోటీన్‌కి పేగు తిరగబడుతోంది. అందుకు కావలసింది పిల్లి ఇంతకుముందు తినని ప్రోటీన్. మూడేళ్ళుగా ఆదివారం ఆదివారం కోడి తిన్న పిల్లికి కోడి కొత్త కాదు. కాబట్టి ఈ విడత ఫలించకపోతే తిండి కారణం కాదని తేలినట్టు కాదు.

రెండో విడత

ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా విరగ్గొట్టి చేసిన డాక్టరు సిఫారసు మేత (హైడ్రోలైజ్డ్ రకం) తెప్పించాం. చేతికి పని తక్కువ, పోషకాలన్నీ ఉంటాయి, కాగితం మీద ఇదే ఉత్తమం. పిల్లి మూతి పెట్టలేదు. కొంచెం గోరువెచ్చని నీళ్ళు చిలకరించినా, గిన్నె మార్చినా రోజుకు పదిహేను గ్రాములు దాటలేదు. మూడో రోజు ఆపేశాం.

"ఆకలేస్తే అదే తింటుంది" అన్నది కుక్క విషయంలో చెల్లుతుంది. పిల్లి రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి ప్రాణం మీదికొస్తుంది. లావు పిల్లుల్లో ఇది మరీ త్వరగా వస్తుంది, బక్కదానికి రాదనీ కాదు. తిండి పరీక్ష పేరుతో పస్తు పెట్టకూడదు.

మూడో విడత: వేట మాంసం

మిగిలిన కొత్త ప్రోటీన్లు ఏవి? డెల్టాలో బాతు సులువుగా దొరుకుతుంది, కౌజు పిట్ట కూడా. కానీ రెండూ కోడికి దగ్గరి పక్షులే. కోడికి తిరగబడే పేగు బాతుకీ తిరగబడవచ్చు. కుందేలు ఎప్పుడూ దొరకదు. పంది మాంసం ఆ ఇంట్లోకి రాదు. మిగిలింది వేట మాంసం, అంటే మేక మాంసం. ఇంట్లో వండుతారు గానీ దాని ధరకి పిల్లి దాకా ఎప్పుడూ వెళ్ళలేదు, ఎముకలు సైతం పెరటి కుక్కకే. ఇంట్లోని మామ్మగారిని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాం. గేదె పాలు తాగిన పిల్లికి మేక మాంసం పూర్తిగా కొత్తది అనలేం, ఆ ఇంటికి సాధ్యమైనవాటిలో మాత్రం ఇదే మేలు.

రోజువారీ లెక్క ఇలా వేశాం. 2.9 కిలోల పిల్లికి కదలకుండా ఉన్నా కావలసింది సుమారు 155 క్యాలరీలు (బరువుని 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తే వచ్చేది). బరువు పెరగాలి కాబట్టి దాదాపు 200 లక్ష్యం. కొవ్వు లేని పచ్చి మేక మాంసం 100 గ్రాములకి సుమారు 110 క్యాలరీలు. 160 గ్రాములు పెడితే 175, అర టీస్పూను పొద్దుతిరుగుడు నూనెతో మరో 20. ఆ నూనె క్యాలరీల కోసమే కాదు, లినోలెయిక్ ఆమ్లం (పిల్లికి తప్పనిసరైన ఒక కొవ్వు ఆమ్లం) కోసం కూడా. మాంసంలో కొవ్వు మరీ తక్కువైతే ఆ ఆమ్లం చాలదు.

తొడ మాంసం, కొవ్వు తీసేసి, వేలిగోరంత ముక్కలు. మునిగేటన్ని నీళ్ళతో, వేరే గిన్నెలో. "వేరే గిన్నె" అన్నది మర్యాదకి అన్న మాట కాదు: చేపల పులుసు కాచే అల్యూమినియం గిన్నె అంచుల్లో, గరిటె కాడ దగ్గర మిగిలేది పరీక్షను చెడగొట్టడానికి చాలు. ఉడికిన నీళ్ళు పారబోయకూడదు. మాంసంలోని టారిన్ అనే అమైనో ఆమ్లం నీళ్ళలో కరిగిపోతుంది, మాంసంతో పాటు ఆ రసం కూడా గిన్నెలో పడాలి. దాని మీద రోజుకు 250 మిల్లీగ్రాముల టారిన్ పొడి. టారిన్ చాలకపోతే పిల్లికి చూపు, గుండె దెబ్బతింటాయి.

మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. 900 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ పొడి కలిపితే 360 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది, లెక్క సరిపోతుంది. గుడ్డు పెంకు పొడి చౌక, మామూలుగా అదే చెబుతాం. ఇక్కడ వద్దన్నాం, పెంకు లోపలి పొరలో గుడ్డు ప్రోటీన్ ఉంటుంది. చప్పరించే మాత్రలూ వద్దు, వాటి తీపి, వాసనలు పరీక్షలో అనవసరపు అనుమానాలు తెస్తాయి. విటమిన్ ఏ కోసం వారానికి రెండుసార్లు పది గ్రాముల మేక కార్జం. చాలాకాలం మరీ ఎక్కువైతే ఎముకలకి హాని.

అన్నానికి అలవాటుపడ్డ పిల్లి కాబట్టి మొదట్లో ఒక చెంచా అన్నం ఉంచాం, మెల్లగా తగ్గించాం. ఈ తిండి కొద్ది వారాల పరీక్షకే. ఏళ్ళ తరబడి పెట్టడానికి చాలదు, పెరిగే పిల్లకి అసలు పెట్టకూడదు.

వాంతులకి మరోపిటాంట్ ఇవ్వగలిగినా ఇవ్వలేదు. అది వేస్తే వాంతి ఆగుతుంది, కానీ తిండి పడిందో లేదో చెప్పే గుర్తుల్లో ఒకటి పోతుంది. నీరసించి తిండి మానేస్తే అప్పుడు వేద్దామనుకున్నాం.

ఇంట్లోవాళ్ళు పెంట ఫొటో రోజూ వాట్సాప్‌లో పెట్టారు. ఒకటి నుంచి ఏడు దాకా స్కోరు: రెండు, మూడు బాగున్నట్టు, ఏడు నీళ్ళు. మొదటి రోజు ఆరు. ఐదో రోజుకి నాలుగు. తొమ్మిదో రోజుకి మూడు, వాంతులు లేవు. కడుపు లక్షణాలకి తిండి పరీక్ష ఫలితం చాలా పిల్లుల్లో రెండు వారాల్లోపే కనబడుతుంది, దురద లాంటి చర్మ లక్షణాలకే ఎనిమిది వారాలు కావాలి.

పన్నెండో రోజు తిరగబెట్టడం

రాత్రి బాగున్న పిల్లి తెల్లారేసరికి రెండు వాంతులు, ఆరో నంబరు విరేచనం. ఇంట్లోవాళ్ళు నిరాశపడ్డారు. "ఇన్ని చేశాం, ఇంజెక్షన్ వేసేయండి" అన్నారు. అందులో తప్పేం లేదు.

అప్పుడు ముందున్న దారులు మూడు. మేక మాంసం కూడా పడటం లేదు అనుకోవడం. తిండితో పనికాని జబ్బు అని తేల్చి, పేగు ముక్క తీసి పరీక్ష చేయించడం, లేదా అదీ లేకుండా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టడం. లేదా బయటినుంచి ఏదో తింటోందని వెతకడం.

మూడోదే ఎంచుకోవడానికి కారణం లక్షణాలు వచ్చిన తీరు. తిండికి లొంగని జబ్బయితే తొమ్మిది రోజులు అంత చక్కగా మెరుగవడం అరుదు. మెరుగయ్యాక మళ్ళీ పాడవడం కూడా మెల్లగా నాలుగు, ఐదు, ఆరు అని దిగజారుతుంది. ఇది ఒక్క రాత్రిలో, వాంతితో కలిసి వచ్చింది. ఏదో తిన్నట్టే ఉంది. ప్రెడ్నిసోలోన్ వేస్తే తగ్గుతుంది, నిజమే. తిండి పడకపోవడమైనా, పేగు వాపైనా, లింఫోమా (ఒక రకం క్యాన్సర్) అయినా కొన్నాళ్ళు తగ్గుతుంది. ఏది తగ్గిందో మాత్రం ఇక తెలియదు, తర్వాత ముక్క పరీక్ష చేసినా కలగాపులగమే. బరువు 2.7 లోపుకి దిగినా, ఆల్బుమిన్ తగ్గినా, స్కాన్‌లో పొరలు చెరిగినా ఆగకుండా ముక్క పరీక్షకి వెళ్దామని హద్దు ముందే గీసుకున్నాం. వాటిలో ఒక్కటీ రాలేదు.

మామ్మగారిని మళ్ళీ అడిగాం. "చేప ముక్కేం పెట్టట్లేదండి, ఆయ్. వాసన కూడా తగలనివ్వట్లేదు." అబద్ధం కాదు. ఇంటి గిన్నెల్లో చేప లేదు.

సమాధానం వాంతిలో ఉంది. కడగవద్దని, తెల్లటి పళ్ళెంలోకి ఎత్తి తెమ్మని చెప్పాం. నురుగు, వేట మాంసం పోగులు, వాటి మధ్య గోధుమరంగు గుండ్రటి ఉండలు. బటాణీ గింజంత ఉబ్బి ఉన్నాయి. ఫోర్సెప్స్‌తో నొక్కితే మెత్తగా చిట్లి తవుడులాంటి పిప్పి వచ్చింది, చేపపొడి వాసన కొట్టింది. పక్కనే ఉన్న ఇంటి అబ్బాయి చూసి, "ఇది మా మేతేనండి" అన్నాడు. చెరువులో వేసే తేలుడు మేత. పొడిగా ఉన్నప్పుడు పెసర గింజంత ఉంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. తవుడు, సోయా, చేపపొడి కలిసిన మేత.

మకాంలో బస్తాల అడుగు కుట్టు దగ్గర ఎలుకలు కొరికేశాయి, నేలంతా గింజలు. పిల్లి రాత్రి ఎలుకల కోసం అక్కడే పడుకుంటుంది. తొమ్మిది రోజులు ఎందుకు బాగుందో కూడా దీంతో తేలిపోయింది: అంతకుముందే పట్టుబడి అయింది, మేత అయిపోయి మకాం ఖాళీగా ఉంది. చెరువులో కొత్త చేపపిల్ల వదిలారు, పదో రోజున కొత్త లోడు దిగింది. కోడిమాంసం పెట్టిన మొదటి విడతలో మకాం నిండా బస్తాలే. మధ్యలో ఎప్పుడో కొద్ది రోజులు దానంతటదే బాగుందని ఇంట్లోవాళ్ళు చెప్పినదీ, పాత పట్టుబడి తేదీకి దగ్గరగానే ఉంది.

మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ములు కొన్నారు, మేత వాటిలోకి మారింది. పిల్లిని మూడు వారాలు గదిలోనే ఉంచారు, ఇసుక పళ్ళెం లోపలే. గదిలో పెట్టడానికి మేత ఒక్కటే కారణం కాదు: ఆ మేత తిన్న ఎలుకని పిల్లి తింటే, కడుపులోని మేతతో సహా అదీ లోపలికి వెళ్తుంది. ఎలుకల మందు పెడతామన్నారు, వద్దన్నాం. విషం తిన్న ఎలుకని తిని చచ్చే పిల్లులు డెల్టాలో తక్కువేం కాదు. డ్రమ్ములు వచ్చాక ఎలుకలు వాటంతటవే తగ్గాయి.

ఈసారి వెనక్కి తిరగలేదు. ఎనిమిది రోజుల్లో స్కోరు మూడు, తర్వాత రెండు. ఆరో వారానికి బరువు 3.5.

తిరిగి పెట్టి చూడటం

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. తగ్గింది కదా, మళ్ళీ ఎందుకు కెలకడం అని. కానీ ఒక్కొక్కటీ తిరిగి పెట్టి చూస్తేనే ఏది పడదో తెలుస్తుంది. లేకపోతే జీవితాంతం వేట మాంసమే, ఆ ఖర్చు ఏ ఇల్లూ భరించదు, పోషకాలూ సరిపోవు.

మొదట కోడి, వారం రోజులు. దాన్ని ముందు పెట్టడానికి కారణం ధర, దొరకడం. అది పడితే మిగతా దారి సులువు. పడింది, స్కోరు రెండే. మొదటి విడతలో కోడి మీద పడ్డ అనుమానం దీంతో పోయింది.

తర్వాత పాలు, 30 మిల్లీలీటర్లు. అదే రోజు సాయంత్రానికి ఐదో నంబరు, మర్నాటికి సర్దుకుంది, వాంతి లేదు. కొన్ని గంటల్లో వచ్చి పోయింది కాబట్టి ఇది పాల చక్కెర అరగకపోవడమే, పాల ప్రోటీన్ పడకపోవడం కాదనిపిస్తుంది. పాలు మరిచిన పిల్లుల్లో ఆ చక్కెరని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ తగ్గిపోతుంది. పాలు మానేయడమే మందు.

చివర్న చేప: శీలావతి, ఉప్పు లేకుండా ఉడికించి, ముల్లు తీసి రోజుకు 20 గ్రాములు. రెండు రోజులు ఏం లేదు. మూడో రోజు ఐదు, నాలుగో రోజు ఆరు, వాంతి. ఆపితే ఐదు రోజుల్లో మామూలైంది. మేతలో సోయా, తవుడు కూడా ఉన్నాయి కాబట్టి చేపని విడిగా పెట్టి చూడకపోతే ఇది తేలేది కాదు. రొయ్య వేరే జాతి, దాన్ని పరీక్షించలేదు. ఇంట్లోవాళ్ళు మానేస్తామన్నారు.

ఇప్పుడు పెడుతున్నది

కోడితో చేసిన, పోషకాలన్నీ ఉన్న పొడి మేత రోజుకు 55 గ్రాములు, ఉడికించిన కోడిమాంసం 15 గ్రాములు. ఇంటి ముక్క రోజు క్యాలరీల్లో సుమారు పదో వంతు దాటకూడదు, దాటితే మేతలోని లెక్క చెడుతుంది. పది రోజుల్లో మెల్లగా మార్చాం: మొదట పావు, తర్వాత సగం.

మేత కొనడం అనుకున్నంత సులువు కాలేదు. సంచి ముందు "చికెన్" అని పెద్దక్షరాలుంటుంది, వెనక చిన్నక్షరాల్లో చేపపొడి, ట్యూనా, చేప నూనె. ఎంచుకునేటప్పుడు సంచి వెనక ఫొటో తీసి పంపమన్నాం, ముందుది చూసి లాభం లేదు. విడి మేత, గిన్నెల్లో కొలిచి అమ్మేది వద్దన్నాం. ఒకే గరిటెతో రెండు రకాలూ తోడతారు.

ఈ కేసు తర్వాత తిండి చరిత్ర కాగితంలో కొన్ని ప్రశ్నలు కలిశాయి. "ఏం పెడతారు" కాదు, "రాత్రి ఎక్కడ పడుకుంటుంది", "మేత, దాణా, తవుడు ఎక్కడ నిల్వ ఉన్నాయి", "పక్కింట్లో ఎవరు ముద్ద వేస్తారు", "పట్టుబడి ఎప్పుడు". కోళ్ళ ఫారాల ఊళ్ళలో కోళ్ళ దాణా, పాడి ఇళ్ళలో తవుడు కుడితి. పిల్లి నోట్లోకి వెళ్ళేదంతా తిండే, ఎవరి చేతి నుంచి వెళ్ళినా. వాంతి కడిగి పారేయకుండా ఒక్కసారి తెమ్మనడం కూడా ఖర్చులేని పరీక్షే.

బి12 ఆరు వారాల తర్వాత నెల ఆగి ఒకటి వేశాం, మరో నెలకి చూస్తే 610. బరువు 4 కిలోలు. తర్వాతి పట్టుబడికి ముందు నుంచీ, మేత లోడు దిగే రోజుల్లోనూ పిల్లిని గదిలోనే ఉంచుతున్నారు. ఎలుకలు పట్టే అలవాటు పోలేదు కాబట్టి మూడు నెలలకోసారి పెంట పరీక్ష, నులిపురుగుల మందు కొనసాగుతున్నాయి.